పాలసొర కడుపు కోసిన రోజు

రాజాం దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టినదాన్ని. సముద్రం నాకు పీహెచ్‌డీ పరిశోధనతోనే పరిచయమైంది. హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడాది వారం వారం కళింగపట్నం తీరానికి వెళ్లేదాన్ని. పాలసొర చేప గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. ఆ పిల్లలు కడుపులో ఎలా ఎదుగుతాయో చూడటం నా పని. వలలో పడి చచ్చిన సొరల్ని కొని కోసేదాన్ని. వాటి గురించి నాకు ఏ బాధా ఉండేది కాదు.

మా గైడుగారికి అవి చాలలేదు. "ఒడ్డుకొచ్చేసరికి కణజాలం పాడైపోతోంది. బతికున్న తల్లిని కోసి, పిల్లల్ని పాడవకుండా వెంటనే ఫార్మాలిన్‌లో వెయ్యాలి," అన్నారు. సరేనని నేనే వెళ్లి ఒక పడవ యజమానికి చెప్పి వచ్చాను.

మూడోరోజు పొద్దున్నే నేను తీరానికి వెళ్తుంటే ఆయన ఒడ్డు నుంచి కేకేశాడు. "ఓ పాపా, నీ సొర దొరికినాది! సూలుది!"

నీళ్లు పోసిన ప్లాస్టిక్ తొట్టెలో అది ఒళ్లు వంచుకుని తిరుగుతోంది. నాకు నేర్పిన పద్ధతిలోనే తల వెనక కత్తి దించాను. కదలిక ఆగాక పొట్ట కోశాను. లోపల అయిదు పిల్లలు, జానెడేసి ఉన్నాయి. అయిదూ మెలికలు తిరుగుతున్నాయి.

పడవ యజమాని భార్య పక్కనే చేపలు ఎండబెడుతోంది, లేచి వచ్చింది. ఆవిడను నేను పిన్నీ అనేదాన్ని.

"ఓలమ్మో, ఇవి బతికే ఉన్నాయి గదే! ఏటి సేస్తావిపుడు?"

"సీసాలో వెయ్యాలి పిన్నీ."

"బతికుండగానా?"

ఒకదాన్ని ఫార్మాలిన్ సీసాలో వేసి మూత బిగించాను. అది గాజుకేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. సీసా పట్టుకున్న నా చేతికి ఆ దెబ్బలు తెలుస్తున్నాయి.

"తీసెయ్యే, తీసెయ్యి!"

"తీసినా బతకదు పిన్నీ. మందు లోపలికి పోయింది."

అది ఆగేదాకా ఇద్దరం నిలబడిపోయాం. "మేమూ సంపుతామే. ఇలాగ సూస్తా నిలబడం," అందావిడ.

రెండోదాన్ని పట్టుకున్నాను గానీ చెయ్యి సీసా దాకా వెళ్లలేదు. బొడ్డుతాళ్లు కోసి, నాలుగింటినీ తడి చున్నీలో వేసుకుని సముద్రంలోకి పరుగెత్తాను. నడుము లోతులో వదిలాను. రెండు ఈదుకుంటూ పోయాయి. రెండు వెల్లకిలా తేలి, కెరటంతో తిరిగి ఒడ్డుకొచ్చాయి.

"నెలలు నిండలేదే వాటికి. ఎల్లినవి కూడా బతుకుతాయో లేదో," అంది పిన్ని.

గైడుగారికి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను.

"పిల్లల్ని వదిలేసేదానివి తల్లిని ఎందుకు చంపావమ్మా?"

ఆయన కోప్పడి ఉంటే ఏదో ఒకటి అనేదాన్ని. మామూలుగానే అడిగారు.

ఆ తర్వాత బతికున్న సొరను కోయనని ఆయనకు చెప్పేశాను. నెలరోజులు ముభావంగా ఉండి, చివరికి ఒప్పుకున్నారు. కణజాలం గురించిన అధ్యాయం దాదాపు పోయింది. డాక్టరేటు ఏడాది ఆలస్యమైంది. మిగిలిన ఆ కొద్ది పేజీల్లో సీసాలో వేసిన పిల్ల ఫొటో ఉంది.

మౌఖిక పరీక్షలో బయటినుంచి వచ్చిన ప్రొఫెసర్ ఆ పేజీ దగ్గర ఆగి, "చాలా స్పష్టంగా ఉంది. ఇలాంటివి ఇంకో పది ఉంటే ఎంత బాగుండేది!" అన్నారు. గైడుగారు నా వైపు చూశారు. నేను థాంక్స్ చెప్పి కూర్చున్నాను.