అరవనివాళ్లే ముందు

తాండూరు నాపరాళ్ల గనిలో దేవప్ప కడుపు మీద బండ జారిపడ్డప్పుడు ఒంటి మీద నెత్తురు చుక్క కనబడలేదు. పోలీస్ యాక్షన్ జరిగి ఐదారేళ్లయిన రోజులవి. ఎడ్లబండిలో దవాఖానాకు తెచ్చి వరండాలో కూర్చోబెట్టారు. పక్కనే వేళ్లు నలిగిన మనిషొకడు దవాఖానా దద్దరిల్లేలా అరుస్తున్నాడు. దేవప్ప పెళ్లాం బీరమ్మ డాక్టరును పిలవబోతే దేవప్పే ఆపాడు.

"నాకేం గాలె. గా అరిచెటాయన్ని ముందు సూడమను. నాకు జర నీళ్లియ్యి."

ఆమె నీళ్లు తెచ్చేసరికి గోడకు ఒరిగి ఉన్నాడు. అప్పటికే ప్రాణం పోయింది.

పిల్లాజెల్లా లేని బీరమ్మ కొన్నాళ్లు అత్తగారింటి గొర్ల మంద వెంట తిరిగి, చివరికి అదే దవాఖానాలో ఆయాగా చేరింది. అక్కడే ఎందుకు చేరావని అడిగితే చీపురు అందుకుని వరండా ఊడ్చేది.

కొన్నేళ్లకు హైదరాబాద్ నుంచి కొత్త డాక్టరు వచ్చాడు. దవాఖానా గడప చేరి కూడా మనుషులు ఎందుకు చనిపోతున్నారో అతనికి తెలుసుకోవాలనిపించింది. వికారాబాద్ నుంచి వచ్చిన నర్సు మార్తను వెంటబెట్టుకుని యాలాల్, బషీరాబాద్ దాకా పోయాడు. చనిపోయినవాళ్ల ఇళ్లలో కూర్చుని అడిగాడు: ఎలా తెచ్చారు, వచ్చాక ఎంతసేపు కూర్చున్నారు, ముందుగా లోపలికి ఎవరు పోయారు? ఒకరోజు బీరమ్మనూ అడిగాడు.

"మంచిగనే మాట్లాడిండు సార్. గందుకే ఎవ్వలు ఫికర్ చెయ్యలె" అందామె.

చాలా ఇళ్లలో ఇదే మాట. అరిచినవాడు లోపలికి పోయాడు, ఊరుకున్నవాడు వరండాలో ఉండిపోయాడు. దాంతో డాక్టరు కొత్త పద్ధతి పెట్టి చూద్దామన్నాడు. ఎవరు వచ్చినా వరుసలో కూర్చోకముందే బీరమ్మ వాళ్ల చెయ్యి పట్టుకుని చూడాలి. చల్లగా చెమట పట్టి ఉన్నా, నాడి సన్నగా పరుగెడుతున్నా, మనిషి మగతగా ఉన్నా నేరుగా లోపలికే. మార్త రోగుల చేతులు పట్టించి నేర్పింది. మొదట్లో బీరమ్మకు అన్ని చేతులూ ఒక్కలాగే తోచేవి.

ఒక పొద్దున ఓ పటేల్ వీపు మీద కురుపుతో వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. అంతలో యాలాల్ నుంచి కాశమ్మ అనే ఆమెను ఆమె అన్న తీసుకొచ్చాడు. ఎద్దు కడుపులో కుమ్మిందట.

"జర నిద్రొస్తుందక్కా, గంతే" అంది కాశమ్మ. చెయ్యి తడిబట్టలా ఉంది.

పటేల్ లేచాడు. "నేను ముందొచ్చిన. ఆమె మంచిగనే ఉన్నది గదా!"

"కూసోర్రి పటేలా. మీ చెయ్యి ఎచ్చగున్నది."

"ఎవలతోని మాట్లాడుతున్నవే?"

బీరమ్మ కాశమ్మను కాళ్ల వైపు ఎత్తమని ఆమె అన్నకు సైగ చేసి, తాను భుజాలు పట్టి లోపలికి మోసింది. డాక్టరు వెంటనే కడుపు కోసి, లోపల కారుతున్న నెత్తురు ఆపాడు. కాశమ్మ బతికింది. పటేల్ పై అధికారులకు ఫిర్యాదు చేశాడు, డాక్టరుకు చీవాట్లు పడ్డాయి. పద్ధతి మాత్రం ఆగలేదు.

వరండాలో చావులు తగ్గాయి. కానీ వానాకాలంలో గని నుంచి ఈరయ్యను తెచ్చినప్పుడు బీరమ్మ క్షణమైనా ఆపకపోయినా అతను దక్కలేదు. తొడ నుంచి కారిన నెత్తురుతో బండిలో పరిచిన గడ్డి మొత్తం తడిసి ముద్దయింది. ఆ రోజంతా ఆమె ఏమీ తినలేదు.

"నేను జల్ది పంపిన గదా సార్, మరెట్ల పాయె?"

"మన దగ్గర ఆలస్యం కాలేదు బీరమ్మా, దారిలోనే నెత్తురంతా పోయింది. ఇక దారి సంగతి చూడాలి."

అలా బీరమ్మ మార్తతో కలిసి గనికి పోయింది. దేవప్ప పడిన చోటు ఎవరూ చూపలేదు, ఆమె అడగలేదు. గాయం మీద బట్ట పెట్టి గట్టిగా అదిమి పట్టడం, విరిగిన కాలు కదలకుండా కట్టడం, తలుపుచెక్క మీద మనిషిని మోయడం కూలీలకు చూపించారు. వాళ్లు నవ్వారే గానీ చెక్క మీద పడుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి మేస్త్రీ మల్లప్ప తానే చెక్క మీద పడుకున్నాడు.

"గట్ల గుంజకుర్రి, నడుము ఇరుగుతది!" అని అరిచాడు.

నలుగురు అతన్ని బండి దాకా మోసి దించారు. బీరమ్మ నవ్వలేదు.

"మళ్ల ఎత్తుర్రి" అంది. "తల దిక్కు చెక్క కిందికి వంగింది."