కుట్టని చిరుగు

మైపాడు ఇసకలో కూర్చుని ముప్పై ఏళ్లుగా వలలు బాగుచేస్తున్నాడు పోలేరయ్య. చిరుగు ఎక్కడుందో కంటికంటే ముందు ఆయన వేలికి తెలుస్తుంది. అందుకే కూతురు రోజా కుడిభుజంలో చిరుగుందని స్కానులో తేలగానే, "చిరిగిందంటే కుట్టాల్సిందే" అని తేల్చేసినాడు. వాలీబాల్‌లో బంతిని బాదే భుజం అది. కుట్టించుకుంటే ఆర్నెల్లకు పైగా ఆట బంద్. రాష్ట్ర జట్టు ఎంపిక ఐదు నెలల్లో ఉంది. రోజా రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

నెల్లూరులో ఎముకల డాక్టరు ఫరీన్ స్కాను పక్కన పెట్టి, రోజా చేతిని పైకెత్తి, వెనక్కి తిప్పి చూసింది.

"భుజం ఎప్పుడన్నా జారి బయటికొచ్చిందా?"

"లేదు మేడం. గట్టిగా కొడితే లోపల కలుక్కుమంటది, అంతే."

"సెలక్షన్ కోసం దాస్తున్నావా?"

"దాస్తే మా నాయన వలలో చుట్టి సముద్రంలో ఏస్తాడు."

ఫరీన్ నవ్వింది. "కీలు గిన్నె అంచున మెత్తటి పట్టీ ఉంటుంది, లాబ్రమ్ అంటారు. అది కాస్త చిరిగింది. మాటిమాటికీ జారే భుజమైతే ఆపరేషనే మేలనేదాన్ని. ఇది నొప్పి ఒక్కటే. మూడు నెలలు కసరత్తు చేయిద్దాం. అప్పటికీ లొంగకపోతే కుడదాం."

పోలేరయ్యకు మింగుడుపడలేదు. "వదిలేస్తే పెద్దదవదా డాక్టరమ్మా?"

"వలలో ప్రతి చిరుగూ కుడతారా అన్నా మీరు?"

పోలేరయ్యకు పాత సంగతి గుర్తొచ్చింది. పడుచుతనంలో ఒకసారి పంతానికి పోయి, విసురువల అంచున ఉన్న ప్రతి చిన్న చిరుగునూ బిగించి కుట్టినాడు. విసిరితే వల విప్పుకోలేదు. గుడ్డమూటలా నీళ్లలో పడింది. తీరమంతా పడీపడీ నవ్వింది.

"బిగిస్తే విప్పుకోదు" అన్నాడు మెల్లగా.

"ఈ భుజం గురించి నా భయమూ అదే."

ఇంట్లో కిటికీ ఊచకు రబ్బరు పట్టీ కట్టి రోజా లాగుతుంటే, ఆయన పక్కనే వల అల్లుతూ లెక్కపెట్టినాడు.

"పన్నెండు రెండుసార్లు చెప్పినావు నాయనా!"

"ఒకటి ఎక్కువ లాగితే అరిగిపోతావా?"

మొదటి నెల నొప్పి తగ్గలేదు. ఆయన మనసు మళ్లీ సూదీదారం వైపు పోయింది, కానీ పక్కన కూర్చుని లెక్కపెట్టడం మానలేదు. రెండో నెలలో రోజా నిద్రలో ఆ భుజం మీదికి ఒత్తిగిల్లడం చూసినాడు. మూడో నెల చివర ఫరీన్ మళ్లీ అన్ని వైపులా తిప్పి చూసి, "కత్తి అక్కర్లేదు. మెల్లమెల్లగా బంతి కొట్టు. ఎప్పుడన్నా జారిందంటే మాత్రం వెంటనే రా" అంది.

మర్నాడు పొద్దున్నే రోజా విసురువల అడిగింది. ఆయన దాన్ని ఆమె కుడిభుజానికెత్తినాడు. మోకాలిలోతు నీళ్లలో ఆమె నడుము తిప్పి, చేయి సాచి వదిలింది. వల గాలిలో పువ్వై, ఒక్క మడత లేకుండా నీటిని గుండ్రంగా కప్పింది.

"నొప్పి?"

"లేదు నాయనా."

లాగితే నాలుగు మడవ చేపలు. పక్కనే, వల అంచున ఆయన కుట్టకుండా వదిలిన చిరుగు తడిసి మెరుస్తోంది.

"చేపలు నేను తీస్తాలే" అన్నాడు. "నువ్వు బంతి తీసుకుని పో."