మూడు ఎర్ర కుట్లు

1986 మార్చి 4, మంగళవారం, ఉదయం ఆరూ ఇరవైకి మా ఆయన డ్యూటీ దిగి వచ్చి పెరట్లో నిలబడ్డాడు. దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో వెల్డరు. ఒంటి మీద కొత్త నీలం కోటు. మంట అంటుకోకుండా మందు పట్టించిన గుడ్డట. ఇంట్లోకి రాకుండానే గుండీలు విప్పి, దులపకుండా, మురికివైపు లోపలికి పోయేలా మడిచి విడి బుట్టలో పెట్టాడు. అంత జాగ్రత్త చూసి ఏదో దాస్తున్నాడనుకున్నాను. ఆయన స్నానానికి వెళ్లగానే జేబులు వెతికాను. కాలిన వెల్డింగు రాడ్డు ముక్కలు రెండు దొరికాయి.

మా బట్టలు పదకొండేళ్లుగా ఒకామే ఉతికేది. అలాంటి గుడ్డ బజారులో దొరకదు, మార్చేస్తుందేమోనని కోటు కాలరు లోపల ఎర్రదారంతో మూడు కుట్లు వేసి ఇచ్చాను. ఆదివారం ఆమె దాన్ని విడిగా ఉతికి, గంజి పెట్టకుండా తెచ్చింది. అన్నే వద్దన్నాడని చెప్పింది. బద్ధకానికి మా ఆయన పేరు వాడుకుంటోందనుకున్నాను. ఆయన్ని అడిగితే తేలిపోయేదే. ఆమెనే వెనకేసుకొస్తాడని అడగలేదు. నేనే చిక్కటి గంజి పెట్టి ఆరేశాను. అలా ఏడు ఆదివారాలు. “ఏందే, అట్టలాగుంది?” అని ఆయన ఒకసారి అడిగితే, ఎండకు బిగిసిందన్నాను.

ఏప్రిల్ 22, మంగళవారం, పగలు పదకొండింటికి వెల్డింగు రవ్వలు పడి కోటు ఎడమ చేతి అంచు అంటుకుంది. తోటివాళ్లు మంట ఆర్పి, ఒంటికి అతుక్కున్న చోట గుంజకుండా చుట్టూ కత్తెరతో కోసి కోటు తీశారట.

మంట అంటని గుడ్డ కాలిందంటే అది మారిన కోటేననుకుని, ఆ సాయంత్రమే దాన్ని పట్టుకెళ్లి ఆమె గుమ్మం ముందు నిలబడి, వీధంతా వినేలా అడిగాను. “ఏమే, మా కోటు ఎవరికి అమ్ముకున్నావు?”

ఆమె కాలరు తిప్పి కుట్లు చూపించింది. మా కోటువి విప్పి దీనికి మళ్లీ వేసుంటావన్నాను. కోటు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఇది మారిన కోటేనని రుజువు చేయాలని గురువారం దాన్ని ఫ్యాక్టరీ స్టోరుకు తీసుకెళ్లాను. అక్కడి గుమాస్తా కాలని చోట గుడ్డను నలిపి, వేళ్లకు అంటిన తెల్లపొడి చూసుకున్నాడు. రెండు పీలికలు కత్తిరించాడు. ఒకటి బాగా కడిగి ఫ్యాను కింద ఆరబెట్టాడు. రెండింటికీ అగ్గిపుల్ల చూపించాడు. కడిగింది నల్లబడి ఆరిపోయింది. కడగనిదాని మీద మంట పైకి పాకింది.

“గుడ్డ మాదేనమ్మా. గంజి పెట్టిందెవరు?”

కోటు మడిచి పట్టుకుని బస్సెక్కాను. బస్సు దిగి నేరుగా ఆమె ఇంటికి వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. ఆమె బట్టలు పిండుతూనే విన్నది.

“ఆ కుట్లు మొదటి వారమే చూశానక్కా. ఎవరి కోసం వేశావో తెలుసు. అయినా నోరెత్తకుండా ఉతికా. ఇక నీ గుడ్డలు నువ్వే ఉతుక్కో.”

పోయినవి ఇవి. కోటు ఒకటి. మా ఆయన ఎడమ ముంజేతి మీద ఆరంగుళాల చర్మం. పందొమ్మిది రోజుల పని. పదకొండేళ్లు మా గుమ్మం తొక్కిన మనిషి, ఒకరు.