బొనెక్ బాబాయ్ గిల్లుడు

కంటికి ఏ గుడ్డ కనపడినా రెండు వేళ్ల మధ్య పట్టి గిల్లి చూడకపోతే బొనెక్ బాబాయ్‌కి ఊపిరాడదు. షాపులో బట్టల తానైనా సరే, మనిషి ఒంటిమీద చొక్కా అయినా సరే. మనిషి ఒంటిమీదదైతే కుడి ముంజేతి దగ్గర అంచు పట్టుకుంటాడు. నలుపుతాడు. కళ్లు మూసుకుంటాడు. తల అడ్డంగా ఊపి, "దోమతెర" అంటాడు. లిపోవెత్స్ ఊళ్లో ఏ గుడ్డకైనా ఆయనిచ్చే బిరుదు అదొక్కటే.

ఒక ఏడాది మోటారుసైకిల్ పందేల సీజన్ మొదట్లో బళ్ల మీద పవిత్రజలం చల్లడానికి బిషప్ గారు వచ్చారు. ఆయన చెయ్యెత్తేసరికి బొనెక్ బాబాయ్ ముందుకు నడిచి అంగీ అంచు గిల్లాడు.

"స్వామీ, దీంతో మలుపు తిరిగారంటే మోచిప్ప మిగలదు."

"నేను మలుపులు తిరగను నాయనా."

"అందరూ ముందు అలాగే అంటారండీ" అన్నాడు బాబాయ్. బిషప్ గారు నవ్వు ఆపుకోలేక నీళ్లన్నీ ట్రాక్ చదును చేసే ట్రాక్టరు మీద చల్లేశారు. ఆ ఏడాది బళ్లు సరిగ్గా నడవలేదు గానీ ట్రాక్టరు మాత్రం ఒక్కరోజు కూడా మొరాయించలేదు.

సబీనా పెళ్లిలోనూ అంతే. ఆమె చర్చిలో బలిపీఠం దాకా నడిచి వెళ్తుంటే బెంచీ చివర్నుంచి ఒక చెయ్యి వచ్చి లేసు చేతిని పట్టుకుంది. "దోమతెరే అమ్మడూ. పైగా ముంజేతి దగ్గర బిగుతు. కాస్త వదులు పెట్టించుకోవలసింది." ఆవిడ వెక్కి ఏడవబోతున్నదల్లా పకపకా నవ్వింది. పెళ్లి ఫోటోల్లో వధువు నోరు తెరిచి ఉన్నది అందుకే.

సబీనా ఇప్పుడు మట్టి ట్రాక్ మీద ఆ పందేలు ఆడే స్పీడ్‌వే క్లబ్బు జట్టుకి మేనేజరు. ఆమె నాన్న తెయొదోర్ ఒకప్పుడు ఇదే జట్టులో రైడర్. పందొమ్మిది వందల డెబ్బై నాలుగులో బండి కాలిమీద పడి, ఎడమకాలు కాస్త పొట్టిదైంది. మళ్లీ బండెక్కలేదు. ఎలా జరిగిందని అడిగితే, "జరిగింది" అంటాడు. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక రెండో మలుపు దగ్గర అదే సీట్లో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుస్తూ చూస్తాడు. బొనెక్ ఆయన ప్రాణస్నేహితుడు. అయినా ఆ ఇద్దరూ కలిసి మాట్లాడుకోగా సబీనా ఎప్పుడూ పెద్దగా వినలేదు. గింజల పొట్లం అటూ ఇటూ మారుతుంది, అంతే.

బొనెక్ వాళ్ల నాన్న గుర్రాలకు జీను కుట్టేవాడు. గుర్రాలు తగ్గిపోయి మోటారు బళ్లొచ్చాక, జీను తోలుతోనే రైడర్లకు బట్టలు కుట్టాడు. కొడుకూ అదే పట్టాడు. బళ్లు సిద్ధం చేసుకునే ఆవరణని అక్కడందరూ పిట్ అంటారు. క్లబ్బు ఆయనకు ఎప్పుడో ఒక పాస్ ఇచ్చింది. ఎందుకిచ్చిందో గుర్తున్నవాళ్లు ఇప్పుడు లేరు. ప్రతి రేసుకీ ముందు ఆయన పిట్‌లో వరసగా నలుగురు రైడర్ల ముంజేతులూ గిల్లి, నాలుగుసార్లు దోమతెర అనేసి, పక్కకి పోయి నిలబడతాడు. సొంతవాళ్లనీ పరాయి జట్టువాళ్లనీ తేడా లేదు. ఎర్ర హెల్మెట్, నీలం హెల్మెట్, తెల్ల హెల్మెట్, పచ్చ హెల్మెట్.

"మా నాన్న కుట్టింది నల్లతోలురా" అంటాడు గిల్లుతూనే. "తొడిగితే మనిషి వంగడానికి ఇద్దరు సాయం పట్టాలి. లోపల ఉన్ని స్వెటరు. మూతికి చేతిరుమాలు. అందరూ ఒకేలా ఉండేవాళ్లు. ఎవడి పెళ్లాం వాణ్ని పోల్చుకోవాలంటే కూర్చున్న తీరు చూసి పోల్చుకోవాలి."

"తర్వాత రంగులొచ్చాయిగా పెద్దాయనా?" అన్నాడు కయెతాన్. ఇరవై మూడేళ్ల వాడు, జట్టుకి దిక్కు వాడే.

"వచ్చాయి. ఎర్రరంగు నేనే వేశాను. వాన పడింది. దిగాక మనిషి వారం రోజులు గులాబీ రంగులో తిరిగాడు. చర్చిలో పిల్లలు వాడి పక్కన కూర్చోం అని ఏడ్చారు." వేళ్లు వాడి ముంజేతి మీదే ఉన్నాయి. "ఇప్పుడు ఇదేమిటి? గుడ్డ కంటే అక్షరాలెక్కువ. నీ వీపు మీద టైర్ల కొట్టు, పొట్ట మీద సాసేజీలు, పిర్ర మీద బ్యాంకు. నువ్వెక్కడున్నావురా ఇందులో?"

"కెవ్లార్ పెద్దాయనా ఇది. తేలిక. కోసుకుపోదు."

"దోమతెర."

బళ్ల గురించీ ఆయనది ఇదే వరస. పాత బండిలో ఇంజను నిటారుగా నిలబడి ఉండేది. కొత్తవాటిలో పడుకోబెట్టారు. మొదటిసారి చూసిన రోజు ఆయన దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, "పాపం, దీనికీ కునుకొచ్చిందా?" అన్నాడు. వెనక చక్రం చిమ్మే మట్టి ఆపడానికి కట్టే రేకుని చక్రం గోచీ అన్నాడు. పూర్వం ఇంజన్లలో ఆముదం పోసేవారు. ఆదివారం సాయంత్రం ఊరంతా కాలిన ఆముదం వాసన వేసేది. ఇప్పుడు వేరే నూనెలు. "ఇప్పుడు ఇంటికెళ్తే ఎక్కడికెళ్లొచ్చావని పెళ్లాం అడుగుతుందిరా. అప్పుడు అడిగేపని ఉండేది కాదు" అంటాడు.

అయితే సబీనాకి ఒక్కోసారి అనిపించేది, ఇంత మారినా అసలు సంగతేమీ మారలేదని. బండికి బ్రేకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మలుపులన్నీ ఎడమకే. నేలకి ఆనించే ఎడమ బూటుకి అదే ఇనప తొడుగు. మనిషి బండి మీంచి ఊడితే ఇంజను ఆగడానికి ఉన్నది ఒక చిన్న తాడు. ఒక కొస హ్యాండిల్ దగ్గర, ఒక కొస రైడర్ కుడి ముంజేతికి. తోలైనా కెవ్లారైనా లోపల ఉన్నవి అవే ఎముకలు. అది తలచుకుంటే ఆమెకు ప్రతి రేసులోనూ ఆ నిమిషం సేపు భయమే. ఆ మాట ఎవరితోనూ అనదు. అనకూడదు. బండి మీంచి పడటం గురించి పిట్‌లో నోరెత్తకూడదు, అదక్కడి కట్టుబాటు. ఒకసారి ఒక పత్రికాయన పాపం మర్యాదకి, "జాగ్రత్త, పడకండి" అన్నాడు. మెకానిక్కులు ఆయన్ని చీపురు తిరగేసి గేటు దాకా సాగనంపారు. ఆయన ఇప్పుడు చదరంగం వార్తలు రాసుకుంటున్నాడు.

ఆ ఏడాది రైడర్లకి కొత్త బట్టలు ఒక కంపెనీ ఉచితంగా ఇచ్చింది. ఒంటికి అతుక్కుని, చేతి అంచులు గ్లవ్ మీదకి బిగుతుగా వచ్చి, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉన్నాయి. టీవీవాళ్లు కయెతాన్‌ని పలకరిస్తుంటే పక్కనుంచి రెండు వేళ్లు వచ్చి ముంజేయి గిల్లాయి. "దోమతెర" అన్న మాట దేశమంతా వినపడింది.

మర్నాడు ప్రెసిడెంట్ వలెరీ సబీనాని పిలిపించాడు.

"కంపెనీవాళ్లు ఫోన్ చేశారు. ఆదివారం ఆఖరి మ్యాచికి స్వయంగా వస్తున్నారు. గెలవకపోతే మనం కింది లీగుకే. వాళ్లూ పోతే క్లబ్బే ఉండదు. ఆ ముసలాయన పాస్ తీసేసుకో."

"ఆయన యాభై ఏళ్లుగా ఉన్నారండీ."

"యాభై ఏళ్లుగా ఏం చేస్తున్నాడు? చెప్పు, ఉంచేద్దాం."

సబీనా ఆలోచించింది. చివరికి, "సరే, తీసుకుంటాను" అంది. ఆమెకు ఆ క్షణాన ప్రెసిడెంటు మీద కంటే తన మీదే కోపమొచ్చింది.

ఆదివారం గేటు దగ్గర బాబాయ్ పాస్ మెళ్లో వేసుకుని, ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ఆమె విషయం చెప్పింది. ఆయన పాస్ తీసి, మడత పడకుండా దాని తాడు చుట్టచుట్టి ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత ఆమె కోటు ముంజేయి గిల్లాడు.

"దోమతెరా బాబాయ్?"

"ఇది పర్లేదు" అన్నాడు.

ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. సబీనా పాస్ జేబులో పెట్టుకుంది.

బాబాయ్ బయటికి పోలేదు. పిట్‌కీ జనానికీ మధ్య ఇనప వల ఉంది, దానికి అతుక్కుని నిలబడ్డాడు. పద్నాలుగు రేసులు అక్కడ్నుంచే కేకలు. "ఒరేయ్ అబ్బాయ్! చెయ్యి ఇటు పెట్టు! ఒక్కసారి!" రైడర్లు నవ్వుకుంటూ వలకి చెయ్యి ఆనించి పోయారు. ఆయన వల కంతలోంచి రెండు వేళ్లు దూర్చి గిల్లాడు. కంపెనీవాళ్లు పైన గదిలో సాసేజీలు తింటూ ఉన్నారు కాబట్టి వాళ్లకేమీ తెలియలేదు.

ఆఖరి రేసుకి రెండు జట్లూ సమానం. ఆ టైములో కయెతాన్ బండి స్టార్టవలేదు. స్టార్టు గేటు దగ్గరికి చేరడానికి రెండే నిమిషాల గడువు. మెకానిక్కు రెండో బండి తోసుకొచ్చాడు. కయెతాన్ ఎగిరి ఎక్కాడు.

"చెయ్యి!" అని వల దగ్గర్నుంచి అరుపు.

"టైం లేదు పెద్దాయనా!"

"చెయ్యి పెట్టరా!"

"తర్వాత గిల్లుదువుగాని!"

బాబాయ్ వల రెండు చేతులా పట్టుకుని ఊపాడు. "అమ్మడూ! సబీనా! నువ్వు గిల్లు! నీకు దణ్ణం పెడతా, నువ్వైనా గిల్లు!"

ఆయన్ని అలా ఆమె ఎప్పుడూ చూడలేదు. నోరు మూయించడానికైనా సరే అని పరుగెత్తి కయెతాన్ కుడి ముంజేతి అంచు పట్టుకుని గిల్లింది. మెత్తగా గుడ్డ, దాని కింద గ్లవ్. ఇంకేమీ లేదు. అంచు గ్లవ్ మీదకి బిగుతుగా ఉంది కాబట్టి చూసేవాళ్లు తాడు లోపల ఉందనుకుంటారు. తాడు మాత్రం హ్యాండిల్‌కి ఊరికే వేలాడుతోంది. తొందరలో తొడగబోయి ఉంటాడు, అంచు బిగుతుకి పట్టకపోయి ఉంటుంది, వదిలేశాడు.

ఆమె పళ్లతో ఆ అంచు పైకి లాగి తాడు తొడిగింది.  వాడి చెవులు ఎర్రబడ్డాయి.

రెండో మలుపులో పక్కవాడి చక్రం తగిలింది. కయెతాన్ గాల్లోకి లేచి మట్టిలో పొర్లాడు. ముంజేతి తాడు లాగింది. ఇంజను టక్కున ఆగిపోయి, బండి రెండుసార్లు దొర్లి, వాడికి అడుగు దూరంలో చప్పుడు లేకుండా పడుకుంది.  వాడు లేచి, మట్టి దులుపుకుని, ఇనప బూటు సర్దుకుని, జనానికి చెయ్యి ఊపాడు.

తప్పు అవతలివాడిదని రిఫరీ వాణ్ని తీసేసి, రేసు మళ్లీ పెట్టాడు. కయెతాన్ గెలిచాడు. లిపోవెత్స్ లీగులో నిలిచింది. జనం ట్రాక్ మీదికి దూకారు. సబీనా మాత్రం వల దగ్గరికి వెళ్లింది. అక్కడ ఇద్దరు ముసలివాళ్లు ఉన్నారు. తెయొదోర్ కుంటుకుంటూ ఎప్పుడొచ్చాడో, బొనెక్ పక్కన నిలబడి గింజల పొట్లం చాపుతున్నాడు. బొనెక్ వల పట్టుకున్న చేతులు ఇంకా వదల్లేదు.

"బాబాయ్, నువ్వు చూసేది గుడ్డ కాదు కదూ?"

"గుడ్డేనమ్మా. పనికిమాలిన గుడ్డ."

"నాన్నా, నువ్వు చెప్పు."

తెయొదోర్ పొట్టు ఊశాడు. "ఆ ఎర్రతోలు వీడు నాకే కుట్టాడు. ఫ్యాషన్ అని ముంజేతి దగ్గర బిగుతు పెట్టాడు. తాడు పట్టలేదు. నేను వదిలేశాను. బండి నేను లేకుండానే ఒక చుట్టు తిరిగి, బ్యాండువాళ్ల పెద్ద డోలు పగలగొట్టి, వెతుక్కుంటూ మళ్లీ నా దగ్గరికే వచ్చింది."

"తప్పు నాది" అన్నాడు బొనెక్.

"నాది" అన్నాడు తెయొదోర్. "యాభై ఏళ్లుగా ఇదే గొడవ మాకు. అందుకే మాట్లాడుకోం."

"మరి బిషప్ గారి అంగీ ఎందుకు గిల్లావు బాబాయ్? నా పెళ్లిబట్టలు?"

బొనెక్ నేలచూపులు చూశాడు. "ఒక్క రైడర్లనే గిల్లితే ఎందుకని అడగరూ? పడతారేమోనని చూస్తున్నానని వాళ్లకి తెలిస్తే చీపురు తిరగెయ్యరూ? అందుకని ఊరందర్నీ గిల్లాల్సొచ్చింది." తల గోక్కుని, "చాలా శ్రమ అమ్మడూ. ఆ బిషప్ గారి దగ్గరికి పోవడానికి ఎంత సిగ్గేసిందో!" అన్నాడు.

సబీనా వలకి నుదురు ఆనించి నవ్వింది, పెళ్లిలో నవ్వినట్టే. జేబులోంచి పాస్ తీసి కంతలోంచి ఇచ్చింది. మర్నాడు ప్రెసిడెంటు, "ఏం చేస్తాడని ఇచ్చావు?" అని అడిగితే, "గుడ్డ చూస్తారు" అంది. కంపెనీకి మాత్రం చేతి అంచులు రెండు వేళ్లు వదులు చెయ్యమని ఉత్తరం రాసింది.

మళ్లీ సీజన్ మొదలైంది. మొదటి రేసుకి ముందు నలుగురు రైడర్లూ బళ్ల మీద కూర్చుని, ఎవరూ అడక్కుండానే, కుడిచేతులు చాపి ఉంచారు. సొంతవాళ్లు ఇద్దరు, పరాయివాళ్లు ఇద్దరు. అందరి మొహాలూ ఎటో చూస్తున్నాయి, ఎవరికీ ఏమీ తెలియనట్టు. బొనెక్ బాబాయ్ వరసగా గిల్లుకుంటూ వచ్చి కయెతాన్ దగ్గర ఆగాడు. కొత్త అంచు నలిపాడు, కళ్లు మూసుకున్నాడు.

"ఎలా ఉంది పెద్దాయనా?"

"దోమతెరే" అన్నాడు బాబాయ్. "కానీ ఈసారి కాస్త పెద్ద దోమలు దూరవు."