ఉప్పు తొట్టి, మందు గిన్నె

పులికాట్ ఒడ్డున ఆ పల్లెలో చేపకు ఉప్పు పట్టించాలంటే పేరమ్మే పట్టించాలి. ఇంకెవరు పట్టించినా చేప చెడిపోతుందని ఆమే అందరికీ చెప్పింది. తల్లి లేని అన్న కూతురు దుర్గను ఆ ఉప్పు చేతులతోనే పెంచింది. పిల్లను ముద్దు పెట్టుకుంటే బుగ్గ ఉప్పగా తగిలేది. తన చేతుల ఉప్పే అంటుకుందనుకుంది.

ఆ ఉప్పు పిల్ల చెమటదని, దాని వెనక పుట్టుకతో వచ్చిన జబ్బుందని మద్రాసు డాక్టరు చెప్పేసరికి దుర్గ పెద్దదై ఇంట్లోనే కుట్టు మిషను పెట్టుకుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అట. ఊపిరితిత్తుల్లో కళ్లె బంకలా పట్టుకుని ఊపిరి ఆడనివ్వదు. పేరమ్మ దాన్ని మద్రాసు జబ్బు అంది. మద్రాసులో బయటపడింది గనక తప్పు మద్రాసుదే.

మందేమో ఉప్పునీళ్లు. ముందు ఇన్‌హేలర్‌తో ఒక పఫ్ కొట్టుకుని, ఆ నీళ్లు చిన్న ప్లాస్టిక్ గిన్నెలో పోసి నెబ్యులైజర్ మిషను వేస్తే తెల్లగా పొగలా వస్తుంది, అది పీల్చాలి. వాడిన గిన్నెను రోజూ కడిగి ఉడకబెట్టాలి. "ప్లాస్టిక్కుకు కూడా వేణ్నీళ్ల స్నానమా?" అని పేరమ్మ సణిగేది. పీల్చాక దుర్గ దగ్గేది. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడే బయటికొచ్చే జనం దుర్గ దగ్గుకు రోజూ వచ్చేవాళ్లు.

"ఏందక్కా, పిల్లకు టీబీ గాని వచ్చిందా?" అంది గోడ మీంచి పక్కింటి పెంచలమ్మ.

"నీ నోట్లో మన్ను పడ. వేడి చేసింది మే."

ఉప్పు పడితే చేప ఎండి కట్టెవుతుంది. ఆ ఉప్పే పిల్ల లోపలికి పంపుతుంటే దగ్గక ఏం చేస్తుంది? ఇలా తేల్చుకుని పేరమ్మ ఒక పొద్దున ఆ గిన్నెను తీసుకుపోయి చేపలు ఊరేసే ఖాళీ తొట్టి కింద దాచేసింది.

గిన్నె లేదు గనక మందు లేదు. దగ్గు తగ్గింది. పేరమ్మ సంతోషించింది. తర్వాత ఊపిరీ తగ్గింది. దుర్గ కుట్టు మిషను తొక్కలేక, ప్రతి ఊపిరికీ భుజాలు ఎగరేసుకుంటూ, గోడ పట్టుకుని తొట్ల దగ్గరికొచ్చింది.

"అత్తా, కొత్త గిన్నె ఎల్లుండికి గాని రాదంట. నాకు... ఊపిరాడ్డంలా."

"ఆ గిన్నె పోతే పోనీ మే. ఆ ఉప్పుకు లోపలంతా ఎండిపోతావు."

దుర్గ అత్త మొహం చూసింది. పక్కనున్న తొట్టి చూసింది. నిన్న ఉప్పేసిన చేపల చుట్టూ నీళ్లు నిలిచున్నాయి.

"ఈ నీళ్లు ఎవురు పోసినారు?"

"ఎవురు పోస్తారు? ఉప్పేస్తే ఊరతాయి."

"నా లోపలా అంతే. కళ్లె ఎండి పట్టుకోనుండాది. ఉప్పు తగిలితే... నీళ్లూరి పల్చనవతాది. అప్పుడు దగ్గి పారేస్తా. చేపను ఎండబెట్టేది ఎండ గదత్తా."

పేరమ్మ పని ఉన్నదానిలా లేచి ఖాళీ తొట్టి ఎత్తి గిన్నె తీసింది.

"ఇదో. పిల్లి లాక్కొచ్చి పడేసినట్టుండాది."

"తొట్టి ఎత్తే పిల్లా?"

"ఈ ఊరి పిల్లుల సంగతి నీకేం తెలుసు?"

దుర్గ చెయ్యి చాపితే ఇవ్వలేదు. "ఉడకబెట్టకుండా నోటి దగ్గర పెట్టుకుంటావా? బుద్ధుండాదా?" అంటూ సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని పొయ్యి వెలిగించింది.

పొగ పీల్చడం అయ్యాక దగ్గు మొదలైంది. పెంచలమ్మ తల గోడ మీదికి లేచింది.

"మళ్లీ మొదలుబెట్టిందే, అక్కా!"

పేరమ్మ అటు తిరగలేదు. మేనకోడలి వీపు మీద చెయ్యి వేసింది.

"ఇంకా గట్టిగా దగ్గు మే. పెంచలమ్మకు సరిగ్గా వినపడలేదంట."