నేను మాన్పించిన భాష

మేముండే హెండర్సన్‌లో ఉదయం ఏడూ నలభైకి రైలెక్కాను. అది 2006 మార్చి. నగరానికి దక్షిణాన మాంగెరెలో నియూయే భాషలో నడిచే బాలబడి ఒకటుంది, ఒకరోజు చూసి రమ్మని నేను పనిచేసే చైల్డ్‌కేర్ వాళ్లు పంపారు. నియూయే పసిఫిక్‌లో ఒక చిన్న దీవి. ఆ దీవి మనుషులు అక్కడికంటే ఇక్కడ న్యూజిలాండ్‌లోనే ఎక్కువ.

ఎనిమిదిన్నరకు బ్రిటోమార్ట్ స్టేషన్‌లో దిగి, కాఫీ తాగి, తొమ్మిది గంటల బస్సు పట్టుకున్నాను. పక్క సీటు పెద్దాయనను దారి అడిగితే, "చర్చి దగ్గర దిగండి. పాటలు వినబడతాయి" అన్నాడు.

నిజంగానే వినబడ్డాయి. చర్చి వెనక హాల్లో చాపల మీద పిల్లలు కూర్చుని పాడుతున్నారు. "ఫకాలోఫా లహి అతు" అని వాళ్ల భాషలో పలకరిస్తూ ఎదురొచ్చిన టీచర్ని చూడగానే గుర్తుపట్టాను. మెలే ఆంటీ. రెండేళ్ల కిందట మూడేళ్ల మనవరాలిని మా చైల్డ్‌కేర్‌కు తీసుకొచ్చేవారు. "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే స్కూల్లో వెనకబడుతుంది" అని ఆవిడకు చెప్పింది నేనే.

పదకొండింటికి చామదుంపల్లాంటి టారో దుంపలు ఉడికించినవి ప్లేటులో పెట్టి ఇస్తూ ఆవిడే ఆ మాట ఎత్తారు.

"మీరు చెప్పినట్టే చేశాను. నాకేమో ఇంగ్లీషు అంతంతమాత్రం. ఏడాదిపాటు పాపతో అసలు మాటలే తగ్గిపోయాయి."

"నాకు ఎదురు చెప్పాల్సింది కదా, ఆంటీ?"

"మీరు టీచరు కదా."

క్షమించమన్నాను.

"ఐదు నిండితే బడికి పోతారు. అక్కడ మా భాష లేదు. మాకు దొరికేదే ఐదేళ్లు, అందులో ఒకటి పోయింది. ఇంకా తల్లులకు అలాగే చెప్తున్నారా?"

లేదనేద్దామనిపించింది. కానీ పోయిన వారమే ఒకావిడకు చెప్పాను.

"అవును" అన్నాను.

"అయితే మళ్లీ వెళ్లి వాళ్లతో మాట్లాడండి."

ఎవరైనా ఆ బడికి వెళ్తే పొద్దున్నే వెళ్లండి; మధ్యాహ్నం పిల్లలు నిద్రపోతారు. నేను రెండున్నర బస్సుకు బయల్దేరాను. తిరుగు రైల్లో, నా సలహా విన్న తల్లుల పేర్లు గుర్తు చేసుకుని రాసుకున్నాను. ఏడు తేలాయి. తెలియక చెప్పానని సర్దిచెప్పుకోబోయాను, కుదరలేదు.

న్యూ లిన్ స్టేషన్ దాటుతుండగా మా అమ్మాయి ఫోన్ చేసి, తినడానికేముందని అడిగింది. ఫ్రిజ్‌లో పప్పుందని, వేడి చేసుకోమని చెప్పాను. ఫోన్ పెట్టేశాక గానీ, అదంతా ఇంగ్లీషులోనే మాట్లాడానని నాకు తెలియలేదు.