మిత్ర పురుగుల మద్దిలేటి

నంద్యాలలో మిత్ర పురుగులను తయారుచేసే కేంద్రానికి మద్దిలేటి సూపర్‌వైజరు. రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వెళ్లి వస్తాడు. అక్కడ సజ్జ నూకలో రెక్కల పురుగులను పెంచి, వాటి గుడ్లను అట్టలకు అంటించి, ఆ గుడ్లలో మిత్ర ఈగల చేత గుడ్లు పెట్టించి, ఆ అట్టలను రైతులకు అమ్ముతారు. ఆ గుడ్లలోంచి వచ్చే కంటికి ఆనని ఈగలు పైరు మీది పురుగుల పని పడతాయి. విషపు మందు కొట్టే పనే లేదు. 'మనిషికి ఏ హానీ లేదు' అని రైతులకు చెప్పీ చెప్పీ మద్దిలేటి తన మాట తానే నమ్మేశాడు. అదే వచ్చిన తంటా.

ఆ షెడ్డులో వేల రెక్కలు టపటప కొట్టుకుంటాయి. రెక్కల మీది పొడి పిండిలా రాలి గాలిలో తేలుతుంటుంది. ఆర్నెల్లు తిరిగేసరికి మద్దిలేటికి తుమ్ములు పట్టుకున్నాయి. ఆ వెనకే దగ్గు, దాని వెనకే పిల్లికూతలు. ఇంకొకరైతే షెడ్డు వంక అనుమానంగా చూసేవారు. మద్దిలేటి ఇంటి వంక చూశాడు.

ముందు తిరగమాత మాన్పించాడు. తర్వాత అగరొత్తులు. ఆపైన ఏ పాపమూ ఎరుగని దూది పరుపును వీధిలో పెట్టించాడు. దగ్గు మాత్రం కదల్లేదు. పని దగ్గర దుమ్మేమైనా ఉందా అని డాక్టరు అడిగితే, "మావి మిత్ర పురుగులు సార్" అన్నాడు, అదేదో ఆ పురుగులే రాసిచ్చిన హామీ అయినట్టు.

శివరాత్రికి శ్రీశైలం వెళ్లి నాలుగు రోజులున్నాడు. దగ్గు లేదు, కూత లేదు, ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. అక్కడ రెక్కల పురుగులు లేవన్న సంగతి ఆ బుర్రకు తట్టలేదు. అక్కడ లేనిదేమిటా అని తెగ ఆలోచించి, భార్య కారం మిషనే అని తేల్చుకుని కొండ దిగాడు.

కమలాక్షమ్మ ఇంటి ముందు రేకుల గదిలో ఆ మిషను నడుపుతుంది. చుట్టుపక్కల వీధుల ఎండుమిరపకాయలన్నీ అక్కడికే వస్తాయి. ఆ రాబడి చేతిలో ఉండగా చీర కొన్నా, పుట్టింటికి పోయినా ఆమె ఎవరినీ అడగాల్సిన పని లేదు. "ఏమన్నా చెయ్, నా మిషను జోలికి మాత్రం రావాకు" అని బతిమాలింది. మద్దిలేటి అవుకు నుంచి ఎవరినో పిలిపించి మిషను అమ్మేశాడు. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు. ఇందులో నవ్వడానికేమీ లేదు.

దగ్గు మాత్రం మద్దిలేటితో పాటు రోజూ బస్సెక్కుతూనే ఉంది.

షెడ్డులో గుడ్లు జల్లించే రిజ్వానాకూ అదే దగ్గు. తన ఇంట్లో కారం మిషను లేదని చెప్పింది. మాస్కులైనా తెప్పించమని అడిగింది. మూతులకు గుడ్డలు కట్టుకుంటే చూడవచ్చిన రైతులు ఏమనుకుంటారని మద్దిలేటి కసిరాడు. ఆమె పని మానేసింది. ఆ ఖాళీలో, చేతిలో పని లేక దిగులు పడుతున్న భార్యను పెట్టించాడు. ఎంత దయ!

రెండు నెలలు గడవకముందే కమలాక్షమ్మ దగ్గడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం ఇంటికి వచ్చే బస్సులో, ఊపిరి అందక కిటికీ ఊచ పట్టుకుని అంది.

"పన్నెండేండ్లు కారం పట్టినా. ఒక్కనాడన్నా దగ్గినానా?"

మద్దిలేటి తన జేబులోని పీల్చే మందు తీసి ఆమె చేతిలో పెట్టాడు. అనుమానం తీరిన మనిషిలా తల ఊపాడు.

"ఆ కారమే, ఇప్పుడు బయటికొస్తాండాది. బేగా అమ్మేసినాం కాబట్టి సరిపాయ."